తక్కువ నీటి తోట: కొంత పూర్వచరిత్ర

ఉగాది పచ్చడిలో చేదుకు వేపపూవు, పులుపుకు చింతపండు, వగరుకు మామిడి పిందె వేస్తాము. ఈ మూడింటినీ ఇచ్చే చెట్లకు మన పల్లెలలో బిందెతో నీరు పోసేవారు సాధారణంగా కనబడరు. మొక్కగా ఉన్నప్పుడు రెండు మూడేళ్లు కాపాడితే చాలును. ఆపైన అవి తమ వేళ్లతో తామే నీరు వెతుక్కొని బతుకుతవి. చెరువులు ఇంకిపోయి, పొలాలు బీటలు వారే రోజులలోనే వేప పూస్తుంది, మామిడి కాస్తుంది. కనుక మన సంవత్సరాది పచ్చడి మెట్టనేల చెట్లు పెట్టిన విందు అని చెప్పినా తప్పు లేదు.

పొట్ట చేతపట్టుకొని బెంగుళూరు చేరిన మనము ఆ చెట్లను వెంట తెచ్చుకోలేదు. తులసి కోటను మాత్రం ఎట్లాగో తెచ్చుకున్నాము. దాని పక్కన నాలుగు కుండీలలో గులాబి, మల్లె, కరివేపాకు పెంచుకుంటున్నాము. క్రోధి నామ సంవత్సర ఉగాది 2024 ఏప్రిల్ 9న వచ్చింది. దానికి ఒక నెల ముందు బెంగుళూరు నీటి సరఫరా మండలివారు తాగే నీటితో వాహనాలు కడగరాదు, తోటలకు పోయరాదు, ఇళ్లు కట్టరాదు అని ఉత్తరువు చేశారు. మీరినవారికి 5,000 రూపాయల జరిమానా. అంతకు ముందు ఏడు వానలు తప్పినవి. బోర్లు ఎండినవి. ట్యాంకరు ఎప్పుడు వస్తుందా అని ఇల్లాండ్రు వీధి వైపు చూస్తూ కూర్చున్న వేసవి అది. ఎన్నో డాబాల మీద కుండీలలోని మొక్కలు మాడిపోయినవి. గులాబికి పోయాలా, పిల్లవాడి స్నానానికి ఉంచాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు జవాబు ఒక్కటే గదా.

ఆనాటి నుంచి మన కుటుంబాలలో చాలామంది ముళ్ల మొక్కలు, దళసరి ఆకుల మొక్కలు కొని తెచ్చి పెట్టుకుంటున్నారు. సంతోషమే. అయితే ఎడారి మొక్కలను మన దేశానికి తెచ్చుకోవడం ఇది మొదటిసారి కాదు. ఆ పని రెండు వందల ఏళ్లకు పైగా జరుగుతున్నది. అందులో లాభం ఉన్నది, పెద్ద నష్టమూ ఉన్నది. ఆ సంగతి తెలిసి ఎన్నుకున్నవారి తోట వేరుగా ఉంటుంది. మేము వృక్షశాస్త్రం చదివినవారము కాము. మెట్రిక్ ప్యాసయి రైల్వేలో గుమాస్తా ఉద్యోగం చేసుకొనే వారము. చదివి తెలుసుకున్నది, పట్టాల పక్కన రోజూ చూస్తున్నది కలిపి పాఠకులకు మనవి చేస్తున్నాము.

ఊరు, దాని నీరు

ముందుగా ఈ ఊరి నీటి చరిత్ర నాలుగు మాటలలో చెప్పుకోవలెను. కెంపేగౌడ 1537లో ఇక్కడ కోట కట్టినప్పటి నుంచి ఈ ఊరికి పక్కన పెద్ద నది లేదు. సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తున ఉన్న నేల ఇది. కనుక పూర్వులు వాననీటిని చెరువులలో పట్టి తాగినారు. నేడు సిటీ రైల్వే స్టేషను ఎదుట మెజెస్టిక్ బస్సు స్టాండు ఉన్నచోట ఒకప్పుడు ధర్మాంబుధి చెరువు ఉండేది. కంఠీరవ స్టేడియం ఉన్నచోట సంపంగి చెరువు ఉండేది. ఊరు పెరిగింది, చెరువులు చాలలేదు. 1896లో ఆర్కావతి నది మీది హెసరఘట్ట నుంచి గొట్టాలతో నీరు తెచ్చారు. అదీ చాలక 1933లో తిప్పగొండనహళ్లి జలాశయం వచ్చింది. అదీ చాలక 1974లో కావేరి నీరు ఊరికి చేరింది. కావేరి పథకం అయిదవ దశను 2024 అక్టోబరులో ప్రారంభించారు.

ఒక్కొక్క మారు నీరు మరింత దూరం నుంచి రావలసి వచ్చిందని గమనించండి. నేడు కావేరి నీరు సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణం చేసి, సుమారు 500 మీటర్ల ఎత్తు ఎక్కి మన కుళాయిలోకి వస్తున్నది. గులాబి కుండీలో మనం పోసే చెంబెడు నీటికి అంత కరెంటు, అంత శ్రమ ఖర్చయినవన్న మాట.

రైల్వే వారికి ఇంకొక సంగతి బాగా తెలుసు. చెన్నపట్నం లైను మీది జోలార్‌పేట నుంచి బెంగుళూరు కంటోన్మెంటుకు 1864లో రైలు వచ్చింది. ఈ ఊరి మొదటి రైలు దారి అదే. ఆ జోలార్‌పేట నుంచే 2019 జులైలో చెన్నైకి తాగునీరు రైలు మీద వెళ్లింది. ఒక్కొక్క బండికి 50 వ్యాగన్లు, 25 లక్షల లీటర్లు. మహారాష్ట్రలోని లాతూరుకు కూడా 2016లో మిరజ్ నుంచి నీళ్ల రైలు నడిచింది. బొగ్గు, బియ్యం, సిమెంటు లాగే నీరు కూడా సరకై రైలెక్కిన కాలం ఇది. ఇటువంటి కాలంలో తక్కువ నీటి తోట పెంచడం వేడుక కోసం కాదు, పక్కింటివారి పట్ల మర్యాద.

తెలుగు పేరు గల మొక్క

ఎడారి మొక్క అనగానే మెక్సికో, ఆఫ్రికా అనుకుంటాము. మన నేలలోనూ అట్టివి ఉన్నవి. వాటిలో ఒకదాని పేరు కారల్లము. ఆకులు లేకుండా, నాలుగు పలకల పచ్చని కాడలతో, మెట్ట ప్రాంతాలలో ముళ్లపొదల నీడన పెరుగుతుంది. దాని కాడలను కరువు రోజులలో ఆకలి ఆపుకొనడానికి తినేవారు.

పద్దెనిమిదవ శతాబ్దం చివర కుంఫిణీ కొలువులో ఉన్న విలియం రాక్స్‌బరో అనే స్కాట్లండు వైద్యుడు మన గోదావరి సీమలోని సామర్లకోటలో ఉండి, అక్కడ తోట వేసి, మన మొక్కలను పరిశీలించాడు. కోరమాండల్ తీరపు మొక్కలను గురించి ఆయన గ్రంథం 1795 నుంచి భాగాలుగా లండనులో అచ్చయింది. అందులో ఈ మొక్కకు తెలుగువారు చెప్పిన పేరును కూడా వ్రాశాడు. తరువాత రాబర్ట్ బ్రౌన్ అనే శాస్త్రజ్ఞుడు ఆ తెలుగు మాటనే తీసుకొని ఆ జాతికంతకూ కారల్లూమా అని పేరు పెట్టాడు. నేడు ఏ దేశపు వృక్షశాస్త్ర గ్రంథంలో చూచినా ఆ పేరే. మన పల్లెలలో పశువులు కాసేవారి నోటి మాట ప్రపంచ శాస్త్రంలో నిలిచిపోయింది. మన పిల్లలకు ఇది చెప్పవలసిన సంగతి కాదా?

నాగజెముడు కథ

ఇక బయట నుంచి వచ్చినవాటిలో మొదట చెప్పవలసినది నాగజెముడు. పాము పడగల వంటి మట్టలు ఒకదాని మీద ఒకటి పెరుగుతవి గనుక ఆ పేరు. దాని ఎర్రటి పండు తిని నోరంతా ఎర్రగా చేసుకొని, నాలుకకు సన్నని నూగు ముళ్లు గుచ్చుకొని ఏడ్చిన పిల్లలు మన పెద్దలలో ఎందరో ఉంటారు. ఈ మొక్క మనదే అనుకుంటాము. కాదు, ఇది అమెరికా ఖండపు మొక్క.

ఈ జాతి మొక్కలను మన దేశంలో సాగు చేయడం వెనుక ఒక వ్యాపారం ఉన్నది. మెక్సికోలో ఈ జెముడు మట్టల మీద ఒక చిన్న పురుగు బతుకుతుంది. దానిని ఎండబెట్టి నూరితే చక్కని ఎరుపు రంగు వస్తుంది. ఇంగ్లీషు సేనాధికారుల ఎర్ర కోట్లకు ఆ రంగే వేసేవారు. ఆ వర్తకమంతా స్పెయిను వారి చేతిలో ఉండేది. దానిని మన దేశంలోనే పండించవలెనని కుంఫిణీ వారికి ఆశ పుట్టింది. చెన్నపట్నంలో కుంఫిణీ వైద్యుడు జేమ్స్ ఆండర్సన్ 1780వ దశకం చివర సైదాపేట దగ్గర జెముడు తోట వేశాడు. 1795లో నీల్సన్ అనే కెప్టెను బ్రెజిలులోని రియో డి జెనీరో నుంచి పురుగులను కలకత్తాకు తెచ్చాడు.

తీరా చూస్తే అది అసలు జాతి పురుగు కాదు, నాసి రకం. రంగు వర్తకం నిలవలేదు. పురుగు మాత్రం ఉత్తర దేశంలో ఒక రకం జెముడును తిని నాశనం చేసింది. అది చూచి 1830వ దశకంలో దానిని దక్షిణ దేశానికి కూడా తెచ్చి వదిలారు. ఇక్కడా ఆ రకం జెముడును అణచివేసింది. కలుపు మొక్క మీదికి కావలెనని పురుగును వదలడం ప్రపంచంలో అదే మొదలని చెబుతారు. కాని ఆ పురుగు మన నాగజెముడును ముట్టలేదు.

నాగజెముడు ఊరి పొలిమేరలు, బంజర్లు, బాటల పక్కలు అన్నీ ఆక్రమించింది. పశువు తినదు, గొడ్డలికి లొంగదు. నరికి పారేసిన ఒక్క మట్ట నేల మీద పడితే చాలు, అదే వేళ్లు దిగి కొత్త పొద అవుతుంది. పండ్లు తిన్న పక్షులు గింజలను దూరాలకు చేరవేస్తవి. పొదలలో పాములు, పందులు చేరేవి. కరువు కాలంలో ముళ్లు కాల్చి ఆ మట్టలనే పశువులకు మేతగా వేసినవారూ ఉన్నారు గనుక అది బొత్తిగా పనికిరానిదని అనలేము. అయినా దున్నుకొనే రైతుకు అది శత్రువే. చివరకు 1926లో సింహళం నుంచి మరొక జాతి పురుగును తెచ్చి దక్షిణ దేశంలో వదిలారు. అయిదారేళ్లలో సుమారు 40,000 హెక్టార్లు, అనగా దాదాపు లక్ష ఎకరాల జెముడు అణగిపోయింది.

ఇదే కాలంలో ఆస్ట్రేలియాలో జరిగినది ఇంకా పెద్ద కథ. అక్కడ కూడా కంచె కోసం, రంగు కోసం తెచ్చిన జెముడు 1925 నాటికి సుమారు ఆరు కోట్ల ఎకరాలను కప్పివేసింది. ఎందరో రైతులు భూములు విడిచి పోయారు. అర్జెంటీనా నుంచి ఒక చిమ్మట గుడ్లను తెచ్చి పెంచి, 1926లో వదిలారు. దాని పురుగులు మట్టలను లోపలి నుంచి తినివేసినవి. 1930వ దశకం మొదటి సంవత్సరాలలోనే భూములు తిరిగి రైతుల చేతికి వచ్చినవి. క్వీన్స్‌లాండులోని బూనార్గా అనే పల్లెలో ఆ పురుగు జ్ఞాపకార్థం 1936లో ఒక సభా మందిరం కూడా కట్టారు. పురుగుకు మందిరం కట్టవలసినంత బాధ పెట్టింది ఆ మొక్క.

పట్టాల పక్క కిత్తనార

మా శాఖకు దగ్గర చుట్టం కిత్తనార. కొన్ని చోట్ల కిత్తలి అంటారు. కత్తి వంటి దళసరి మట్టలు, అంచున ముళ్లు, కొసన సూది. ఇది మెక్సికో మొక్క. రైలు మార్గాలు పడిన రోజులలో పశువులు పట్టాల మీదికి రాకుండా కంచె కావలసి వచ్చింది. వందల మైళ్లు గోడ కట్టించడానికి డబ్బు లేదు. కట్టె కంచెను చెదలు తింటుంది. కిత్తనార పిలకలు నాటితే ఎవరూ నీరు పోయనక్కర లేకుండా అదే గోడ అవుతుంది. అందువల్ల దక్షిణ దేశంలో ఎన్నో చోట్ల పట్టాల వెంట దీనిని నాటారు. రాయలసీమ వైపు రైలు కిటికీలోంచి చూచినవారికి ఇది బాగా తెలిసిన మొక్క.

దీని జీవితం చిత్రంగా ఉంటుంది. పదేళ్లు, ఇరవై ఏళ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి మట్టలు మాత్రమే పెంచుతుంది. తరువాత ఒక వేసవిలో నడుమ నుంచి స్తంభం వంటి కాడ ఇరవై ముప్పై అడుగుల ఎత్తు లేస్తుంది, పూస్తుంది. పూసిన తరువాత తల్లి మొక్క చచ్చిపోతుంది. దాని చుట్టూ పిలకలు లేచి ఉంటవి. ఆ ఎండిన కాడలు గుడిసెలకు వాసాలుగా పనికివచ్చేవి. మట్టల నారతో తాళ్లు, పగ్గాలు పేనేవారు. ఇది నాగజెముడు వలె దేశాన్ని ముంచలేదు. ఎందుచేతనంటే దీని వ్యాప్తి ఎక్కువగా పిలకల ద్వారా, అదీ తల్లి చుట్టుపక్కలనే. ఈ తేడాను పాఠకులు గుర్తు పెట్టుకొనవలెను.

కమలాపురం నుంచి వచ్చిన తుమ్మ

మూడవది సర్కారు తుమ్మ. కొందరు సీమ తుమ్మ అంటారు. దీని చరిత్ర మన తెలుగు నేల మీదనే మొదలయింది. ఇది కూడా అమెరికా ఖండపు చెట్టే. కట్టెల కరువు తీర్చడానికి, బీడు నేలలు పచ్చబడడానికి దీని విత్తనాలు తెప్పించవలసిందని చెన్నపట్నం రాజధానిలో అడవుల అధికారి అయిన బెడ్డోమ్ దొర 1876లో పైవారికి వ్రాశాడు. 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. ఆ సంవత్సరాలు దక్షిణ దేశాన్ని ధాత కరువు పట్టి పీడించిన సంవత్సరాలు. ఉద్దేశం మంచిదే.

చెట్టు మాట నిలబెట్టుకున్నది. నీరు లేకపోయినా పెరిగింది. పేదవారి పొయ్యిలోకి కట్టె ఇచ్చింది, బొగ్గు ఇచ్చింది, కాయలు మేకలకు మేత అయినవి. కాని మేక తిన్న కాయలోని గింజ దాని పేడలో ఊరూరా చేరింది. చెరువు కట్టలు, చెరువు లోపలి నేల, కాలువ గట్లు, పాడుపడిన పొలాలు అన్నీ తుమ్మ పాలయినవి. దాని వేళ్లు చాలా లోతుకు దిగుతవి, దాని నీడన మరొక మొక్క సులభంగా లేవదు. నేడు దానిని పెకలించడానికి ప్రభుత్వాలు డబ్బు ఖర్చు పెడుతున్నవి. కమలాపురంలో నాటిన చేయి కరువును తీర్చవలెనని నాటింది. అది నూట యాభై ఏళ్ల తరువాత ఏమవుతుందో ఆ చేతికి తెలియదు. మనకు తెలుసు. కనుక మన బాధ్యత ఎక్కువ.

లాల్‌బాగ్ చూపిన దారి

బయటి మొక్క వచ్చిన ప్రతిచోటా నష్టమే జరిగిందా? కాదు. మన ఊరిలోనే దానికి రుజువు ఉన్నది. హైదర్ అలీ 1760లో లాల్‌బాగ్ తోట మొదలుపెట్టాడు. టిప్పు సుల్తాను దూర దేశాల నుంచి మొక్కలు తెప్పించి దానిని పెంచాడు. 1856లో అది ప్రభుత్వ వృక్షశాస్త్రోద్యానం అయింది. అక్కడి గాజు మందిరానికి 1889లో పునాది వేశారు. 1908లో మైసూరు సంస్థానం వారు జర్మనీ దేశస్థుడైన క్రుంబీగల్‌ను తోటల అధికారిగా తెచ్చుకున్నారు. ఆయన అంతకు ముందు బరోడా సంస్థానంలో పనిచేసినవాడు. 1932 వరకు లాల్‌బాగ్‌లో ఉన్నాడు. 1956లో ఈ ఊరిలోనే కన్నుమూశాడు. ఆయన పేరు గల వీధి నేటికీ లాల్‌బాగ్ పక్కన ఉన్నది. ఆయన తరువాత జవరాయ, ఆపైన మరిగౌడ వంటి మన దేశపు పెద్దలు ఆ పని సాగించారు.

ఏడాది పొడుగునా ఏదో ఒక చెట్టు పూస్తూ ఉండేటట్లు వీధుల వెంట చెట్లను ఎంచి నాటించడం క్రుంబీగల్ గొప్పతనం అని చెబుతారు. మన ఊరి వీధులలో వేసవిలో ఎర్రగా పూసే గుల్‌మొహర్ మడగాస్కరు దీవి నుంచి వచ్చింది. ఊదారంగు జకరాండా దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. ఎండ ముదిరే నెలలలో ఆకు రాల్చి పూవు పూసే ఇటువంటి చెట్లకు వేసవిలో ట్యాంకరు నీరు తెచ్చి పోసేవారు లేరు. తోటలో ముందు పెంచి, గుణం చూచి, తరువాత వీధికి పంపడం వృక్షోద్యానపు పద్ధతి. సైదాపేటలో వర్తకపు ఆశ ముందు, పరీక్ష వెనుక. లాల్‌బాగ్‌లో పరీక్ష ముందు. తేడా అక్కడ ఉన్నది.

ఎన్నుకొనే వేళ మూడు ప్రశ్నలు

ఈ చరిత్ర అంతా చెప్పడం ఎందుకంటే, కరువుకు చావని గుణమే మొక్కను మనకు మిత్రుని చేస్తుంది, ఆ గుణమే శత్రువునూ చేస్తుంది. కనుక కొనే ముందు మూడు ప్రశ్నలు వేసుకొనవలెను.

ఒకటి: దీనికి నీరు ఎంత కావలెను? రెండు: ఇది మన గోడ దాటితే ఏమవుతుంది? గింజను పక్షి మోసుకొని పోతుందా, విరిగిన ముక్క వేళ్లు దిగుతుందా? మూడు: ఇంట్లో పాకే పిల్లలకు, పెంపుడు కుక్కకు దీని పాలు, ముల్లు హాని చేస్తవా? మొదటి ప్రశ్న అందరూ అడుగుతారు. రెండవది కమలాపురంలో ఎవరూ అడగలేదు. అందంగా పూస్తున్నదని ఒకప్పుడు తోటలలో పెట్టిన లాంటానా నేడు బందీపూరు అడవులలో పొదలై జంతువుల మేతను మింగుతున్నది. అదీ తోట నుంచి పారిపోయినదే.

ఈ లెక్కన మన ఇళ్లకు తగినవి కొన్ని చెబుతాము. కలబంద కుండీలో చక్కగా బతుకుతుంది, పిలకలు పక్కవారికి పంచవచ్చును. ఎండ తగిలే డాబా మీద కాగితం పూల తీగ, ఎడారి గులాబి, బిళ్లగన్నేరు బాగుంటవి. బిళ్లగన్నేరు మడగాస్కరు మొక్క. దాని నుంచే రక్తపు క్యాన్సరుకు మందులు తీస్తున్నారు. అయినా దానిని, ఎడారి గులాబిని, గన్నేరును నోట పెట్టరాదు, అవి విషం. జెముడు పాలు కంటిలో పడరాదు. కొద్దిపాటి నేల ఉన్నవారు మునగ, దానిమ్మ, సీతాఫలం, కరివేపాకు వేసుకోవచ్చును. కుదురుకున్న తరువాత ఇవి ఎక్కువ నీరు అడగవు, వంటింటికీ పనికివస్తవి. జెముడు జాతిలోనిదే అయిన డ్రాగన్ పండు తీగను నేడు మన తెలుగు రైతులు కూడా పండిస్తున్నారు. దాని కోసిన ముక్కలను మాత్రం రోడ్డు పక్క పారవేయక ఎండబెట్టి చెత్తలో వేయవలెను. పచ్చిక బయలు మాత్రం వద్దని మా మనవి. ఇంటి ముందు రోజూ నీరు తాగేది అదే.

పెంచే విధానం

ఎడారి మొక్క కరువుతో చావదు, ప్రేమతో చస్తుంది. రోజూ ఉదయం తులసికి పోసినట్లే దానికీ చెంబెడు పోస్తే నెలలో మొదలు కుళ్లుతుంది. కారణం తెలిస్తే పొరపాటు జరగదు. ఇతర మొక్కలు పగలు ఆకుల రంధ్రాలు తెరిచి గాలి పీలుస్తవి, ఆ దారినే నీరు ఆవిరై పోతుంది. జెముడు, కిత్తనార, కలబంద వంటివి పగలు రంధ్రాలు మూసుకొని రాత్రి చల్లబడ్డాక తెరుస్తవి. జెముడుకు ముళ్లే ఆకులు, పచ్చని కాండమే వంటశాల, అదే నీళ్ల తొట్టి. తొట్టి నిండి ఉన్నప్పుడు మళ్లీ పోస్తే వేళ్లకు గాలి ఆడదు.

కనుక అడుగున రంధ్రం ఉన్న మట్టి కుండీ తీసుకొనవలెను. ఎర్రమట్టి ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు, చిన్న కంకర లేక ఇటుక పొడి ఒక పాలు, పిడికెడు మాగిన ఎరువు చాలును. వేలు రెండు అంగుళాలు దింపి చూచి, పూర్తిగా ఎండి ఉంటేనే నీరు పోయవలెను. పోసినప్పుడు అడుగు రంధ్రం నుంచి కారే దాకా పోసి, ఆపైన మరచిపోవలెను. మన ఊరి వేసవిలో ఎనిమిది పది రోజులకు ఒకసారి, మార్గశిర పుష్యాలలో మూడు నాలుగు వారాలకు ఒకసారి సరిపోతుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా వానలు గనుక జెముళ్లను చూరు కిందికి జరపవలెను. కొత్తగా కొన్న మొక్కను ఒక్కసారిగా మండే ఎండలో పెట్టక వారం పది రోజులు నీడ నుంచి ఎండకు అలవాటు చేయవలెను.

అంగడిలో ఎర్రని, పసుపుపచ్చని బంతి వంటి జెముడు పచ్చని కాడ మీద కూర్చున్నట్లు అమ్ముతారు. అవి రెండు మొక్కలు, అంటు కట్టినవి. పై బంతిలో పచ్చదనం లేదు గనుక తన ఆహారం తాను చేసుకోలేదు, కింది కాడ మీదనే బతుకుతుంది. కొన్నేళ్లే ఉంటుంది. అది పోతే మన చేయి మంచిది కాదని ఇల్లాలు బాధపడనక్కర లేదు.

తక్కిన మొక్కలకు కూడా కొద్ది నీటితోనే సరిపెట్టే ఉపాయాలు ఉన్నవి. దాహం ఎక్కువ ఉన్నవి ఒకచోట, తక్కువ ఉన్నవి ఒకచోట ఉంచవలెను. మొదట్లో ఎండుటాకులు, కొబ్బరి పీచు కప్పితే తడి నిలుస్తుంది. పొద్దెక్కక ముందో, సాయంకాలమో పోయవలెను. బియ్యం కడిగిన నీరు, కూరగాయలు కడిగిన నీరు వృథా చేయరాదు. సబ్బు నీరు, నీటిని శుద్ధి చేసే యంత్రం నుంచి బయటకు వచ్చే ఉప్పు నీరు మాత్రం కుండీలకు రోజూ పోస్తే మట్టి చెడుతుంది. కాల్చిన మట్టి కుండను మెడ దాకా పాతి, నీరు నింపి, మూత పెడితే చుట్టూ ఉన్న వేళ్లు కావలసినంతే పీల్చుకుంటవి. ఈ పద్ధతి రెండు వేల ఏళ్ల నాటి చైనా వ్యవసాయ గ్రంథంలోనే ఉన్నది. ఊరికి పోయినప్పుడు వారం పది రోజులు తోటను అదే కాపాడుతుంది.

మనలో అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు వైపు నుంచి వచ్చినవారు ఎందరో ఉన్నారు. అనంతపురం జిల్లాలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. బెంగుళూరులో అంతకు ఎంతో ఎక్కువ పడుతుంది. ఆ కొద్ది వానతో మన తాతలు పంట తీశారు, ఇంటి ముందు వేప పెంచారు, వాకిట తులసి నిలిపారు. నీటిని లెక్క పెట్టి వాడడం మనకు కొత్తగా ఎవరూ నేర్పనక్కర లేదు. కుళాయి తిప్పితే వస్తున్నది గనుక మరచిపోయినాము, అంతే.

కనుక ఈ సంవత్సరాదినాడు మన సంఘ సభ్యులు ఒక్కొక్కరు ఒక్కొక్క మొక్క మార్చుకొనవలెనని మా విన్నపం. దాహం ఎక్కువైనది ఒకటి తగ్గించి, వానతో బతికేది ఒకటి పెట్టండి. దాని పేరు, అది వచ్చిన దేశం, గోడ దాటితే అది చేసే పని పిల్లలకు చెప్పండి. మీ ఇంటి పెద్దలకు కారల్లము తెలిసి ఉంటే, వారి నోట ఆ మాట ఒకసారి పిల్లలకు వినిపించండి. మిగిలిన బిందెడు నీరు ఎవరి గొంతు తడుపుతుందో మనకు తెలియకపోవచ్చు. అది ఈ ఊరి వారిదే అవుతుంది. ఈ ఊరు మనకు అన్నం పెడుతున్నది.